పోయిన బొమ్మ, మునిగే రేవు

2012వ సంవత్సరం, అక్టోబరు 16వ తేదీ. ఇంకా తెల్లవారలేదు. హాలెండు దేశంలో రోటర్‌డాం అనే ఓడరేవు పట్టణం ఉన్నది. అక్కడి కున్‌స్ట్‌హాల్ అనే చిత్రశాలలో దొంగలు పడ్డారు. వాళ్ళు డబ్బు కోసం పెట్టెలు వెతకలేదు. గోడల మీది బొమ్మలు ఏడింటిని ఊడబెరికి, మూడు నిమిషాలైనా కాకముందే చీకట్లో కలిసిపోయారు. గంట మోగి పోలీసులు పరుగెత్తుకు వచ్చేసరికి ఖాళీ గోడలు మిగిలాయి.

ఆ ఏడింటిలో రెండు బొమ్మలు ఒకే నదివి. లండన్ నగరం మధ్యగా పారే థేమ్సు నదివి. ఒకదానిలో వాటర్లూ వంతెన, రెండవదానిలో చేరింగ్ క్రాస్ వంతెన. గీసినవాడు లండన్ వాడు కాడు, క్లోద్ మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు. 1899 మొదలు 1901 వరకు ఆయన మూడుసార్లు లండన్ వెళ్ళి, నది ఒడ్డున ఒక హోటల్లో దిగి, కిటికీ పక్కన కూచుని థేమ్సును గీశాడు. అక్కడ కమ్మే మంచు మన సంక్రాంతి పొద్దుటి మంచులాంటిది కాదు. లక్షల పొయ్యిల బొగ్గుపొగ దానిలో కలిసేది. సూర్యుడు ఒకసారి పసుపుగాను, ఒకసారి కుంకుమగాను, ఇంకోసారి చంద్రుడిలా వెలవెల పోతూను కనిపించేవాడు. వెలుగు మారినప్పుడల్లా మోనే చేతిలోని బొమ్మను పక్కన పెట్టి ఇంకొకటి అందుకునేవాడు. అట్లా ఒకే నదికి పదుల కొద్దీ బొమ్మలు తయారయినాయి.

ఇదంతా చిత్రకారుడి చాదస్తం అనుకునేరు. ఆయన గీసిన లండన్ పార్లమెంటు భవనం బొమ్మలను ఇంగ్లండులో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2006లో ఒక సంగతి చెప్పారు. బొమ్మలో సూర్యుడు ఏ గోపురానికి ఏ పక్కన, ఎంత ఎత్తున ఉన్నాడో కొలిచి, ఏ రోజున ఏ వేళకు సూర్యుడు సరిగ్గా అక్కడ ఉంటాడో లెక్క వేశారు. ఆ తేదీలు మోనే ఇంటికి రాసిన ఉత్తరాలతో సరిపోయాయి! అంటే ఆయన తోచినచోట సూర్యుణ్ణి అతికించలేదన్నమాట. కళ్ళతో చూసినదే గీశాడు. కనుక ఆ మంచు, ఆ పొగ కూడా నిజమైన సాక్ష్యమే అయింది.

సరే, దొంగల సంగతి చూద్దాం. ప్రపంచమంతటికీ తెలిసిన బొమ్మను దొంగ ఎవరికి అమ్మగలడు? కొన్నవాడు ఏ గోడకు తగిలించగలడు? చివరకు 2013లో రుమేనియా దేశంలో దొంగలు దొరికారు, బొమ్మలు మాత్రం దొరకలేదు. ఆ దొంగలలో ఒకడి తల్లి తన కొడుకును కాపాడుకోవాలని బొమ్మలను పొయ్యిలో పెట్టి కాల్చివేశానని ముందు చెప్పింది. తర్వాత ఆ మాట అబద్ధమన్నది. పొయ్యిలోని బూడిదను అక్కడి చరిత్ర వస్తుప్రదర్శనశాల వారు పరీక్ష చేశారు. దానిలో రంగుల ఆనవాళ్ళు కనిపించాయి. చిత్రపు గుడ్డను చట్రానికి బిగించే పాతకాలపు మేకులు కూడా దొరికాయి. అయితే థేమ్సు బొమ్మలు రెండూ గుడ్డ మీద వేసినవి కావు; కాగితం మీద రంగు సుద్దలతో గీసినవి. కాగితం కాలితే మేకు కూడా మిగలదు. ఆ ఏడు బొమ్మలలో ఏ ఒక్కటీ ఇంతవరకు తిరిగి రాలేదు.

ఎక్కడో థేమ్సు, మనకెందుకు అంటారేమో. ఆ థేమ్సు ఒడ్డునుంచే ఒక చిత్రకారుడు మన గోదావరి ఒడ్డుకు వచ్చాడు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. లండనుకు ఎగువన అదే నది ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ అనే చిన్న పట్టణం ఆయనది. 1882లో పుట్టాడు. 1909లో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి 1919 వరకు ఉన్నాడు.

తెల్లదొరలలో మన దేశానికి వచ్చి కచేరీ, వేట, విందులతో పొద్దుపుచ్చి వెళ్ళినవారు ఎందరో. కూల్డ్రే దొర దారి వేరు. ఆయనకు కవిత్వమూ వచ్చు, చిత్రలేఖనమూ వచ్చు. రాజమండ్రి దగ్గర గోదావరి వెడల్పు సుమారు మూడు కిలోమీటర్లు. ఆబింగ్డన్ దగ్గర థేమ్సును మన కుర్రవాళ్ళు ఒక రాయి విసిరి దాటించగలరు. అటువంటి నదిని చూస్తూ పెరిగినవాడు ఈ నదిని చూసి ఏమైపోయి ఉంటాడో ఊహించుకోండి! ఇంటికి తిరిగి వెళ్ళిన మరుసటి సంవత్సరం, 1920లో, తన పద్యాలను పుస్తకంగా వేసి దానికి ‘థేమ్స్ అండ్ గోదావరి’ అని పేరు పెట్టాడు. 1924లో ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అని ఇంకొక పుస్తకం వచ్చింది. ఆయన 1958లో కన్ను మూశాడు.

పుస్తకాలకన్నా ఆయన మనకు చేసిన పెద్ద మేలు ఇంకొకటి. తన విద్యార్థులలో బొమ్మలు వేసే చెయ్యి ఎవరిదో కనిపెట్టి, వెన్ను తట్టాడు. వారిలో ఒకరు అడవి బాపిరాజు. ‘నారాయణరావు’ నవల రాసిన బాపిరాజుగారే. మీ అమ్మానాన్నలకు తెలుసు. ఇంకొకరు దామెర్ల రామారావు. రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టాడు. కూల్డ్రే దొర ప్రోత్సాహంతోనే 1916లో బొంబాయి వెళ్ళి, జె. జె. చిత్రకళాశాలలో చేరాడు. నేనూ ఒక ఉపాధ్యాయుణ్ణే గనుక ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతాను: ఆ పదేళ్ళలో ఆ ప్రిన్సిపాలుగారు సంతకాలు పెట్టిన కాగితాలు ఎన్ని వందలో! వాటినిగాని, పరీక్షల మార్కులనుగాని ఇవాళ అడిగేవారు లేరు. ఆ కుర్రవాణ్ణి బొంబాయి పంపిన సంగతి మాత్రం నూరేళ్ళు దాటినా చెప్పుకుంటున్నాం.

రామారావు చదువు ముగించుకుని రాజమండ్రికే తిరిగి వచ్చాడు. మన ఆడవాళ్ళను, మన పండుగలను, మన పురాణ కథలను మన వేషభాషలతో చిత్రించాడు. తూర్పు కనుమల నడుమ పారే గోదావరిని చిత్రించాడు. తోటి చిత్రకారులను కూడగట్టి చిత్రకళాశాల నడిపాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి చనిపోయాడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యెనిమిది ఏళ్ళు నిండలేదు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయిన జబ్బు అది. అప్పట్లో ఎందరినో పొట్టన పెట్టుకుపోయేది.

చిత్రకారుడు పోతే బొమ్మల గతి ఏమిటి? సాధారణంగా జరిగేది ఇది. ఒకటి చుట్టాలింటికి పోతుంది. ఒకటి ఎవరో పెద్దమనిషి చూసి ఇస్తానని పట్టుకుపోతాడు. కొన్ని అటక ఎక్కుతాయి. పదేళ్ళు తిరిగేసరికి ఏది ఎక్కడున్నదో చెప్పేవారుండరు. రామారావు బొమ్మలకు ఆ గతి పట్టలేదు. ఆయన భార్య సత్యవాణి, ప్రాణస్నేహితుడు వరదా వెంకటరత్నం వాటిని చెదిరిపోనీయలేదు. వెంకటరత్నం తానూ మంచి చిత్రకారుడే. అయినా స్నేహితుడి బొమ్మల కాపలాను జీవితమంతా ఒక పనిగా పెట్టుకున్నాడు. అందుచేతనే ఇవాళ మీరు రాజమండ్రి వెళితే దామెర్ల రామారావు చిత్రశాలలో ఆ బొమ్మలు చూడవచ్చు. గోదావరి స్నానానికి వెళ్ళిన వారు ఒక్క గంట అక్కడ గడపవచ్చు కదా!

రామారావు బొమ్మల్లో చాలా వాటిని నీటిరంగులతో వేశాడు. నీటిరంగు అంటే ఏమిటో తెలుసా? రాయి, మట్టి, ఆకు, లోహం వంటివాటి నుంచి తీసిన రంగుపొడిని తుమ్మజాతి చెట్ల బంకతో నూరి బిళ్ళ చేస్తారు. తడి కుంచె తగిలించగానే బంక కరిగి రంగు కదులుతుంది. నీరు ఆరిపోయాక ఆ బంకే రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచుతుంది. తైలవర్ణాల్లో అవిసె నూనె గట్టిపడి రంగు మీద ఒక పొరలా కాపాడుతుంది. నీటిరంగుకు అటువంటి కవచం లేదు. రంగు కాగితం మీద సన్నని పొరగా నిలుస్తుందంతే.

అందువల్ల దానికి శత్రువులు ఎక్కువ. మొదటి శత్రువు వెలుతురు. కిటికీకి ఎదురుగా కట్టిన కొత్త చీర రెండేళ్ళకు వెలిసిపోవడం మీరు చూసే ఉంటారు. బొమ్మకూ అంతే. ఎరుపు రంగుల్లో కొన్ని ముందుగా పోతాయి. అప్పుడు సాయంత్రపు ఆకాశం మధ్యాహ్నపు ఆకాశంలా తయారవుతుంది. మంచి ప్రదర్శనశాలల్లో నీటిరంగు బొమ్మలున్న గది మసక మసకగా ఉండేది అందుకే. కరెంటు ఖర్చు తగ్గించడానికి కాదు. రెండవ శత్రువు చెమ్మ. వానాకాలంలో గోడ చెమ్మగిల్లితే కాగితం వెనకనుంచి బూజు పట్టి గోధుమరంగు చుక్కలు లేస్తాయి. మూడవది పురుగు. దానికి బంక అంటే చక్కెర పాకమే. ఇక నాలుగవ శత్రువు మనిషి. బొమ్మ వెనక పేరు రాయని మనిషి! బొమ్మ ఎదుటే ఉంటుంది. కాని ఏ నది, ఏ రేవు, ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అనేది తెలియదు. అట్లాంటి బొమ్మను దొంగ ఎత్తుకుపోనక్కర లేదు. గోడమీద వేలాడుతూనే అది పోయినట్టు లెక్క.

ఇప్పుడు రాజమండ్రి వదిలి నదికి ఎదురు వెళదాం. నేను ఎక్కువకాలం పనిచేసినది ఖమ్మం, భద్రాచలం అడవి ఒడ్డు పల్లెల్లో. అక్కడి పిల్లలకు గోదావరి పాఠంలోని నది కాదు, వాకిట్లోని నది.

రాజమండ్రి నుంచి పైకి పోతే పోలవరం దాటిన తర్వాత కొండలు రెండు పక్కలనుంచీ ముందుకు జరిగి వస్తాయి. మూడు కిలోమీటర్ల వెడల్పుతో పరుచుకునే నది అక్కడ వందల మీటర్లలోకి ముడుచుకుపోతుంది. ఆడపిల్ల తల మధ్య పాపిట తీసినట్టు కొండల నడుమ నీరు కనిపిస్తుంది కాబట్టే పాపికొండలు అన్న పేరు వచ్చిందంటారు. ఇంగ్లీషువారు ఆ కొండలకు బైసన్ హిల్స్ అని పేరు పెట్టారు. బైసన్ అంటే అడవిదున్న. ఇంకా పైకి పోతే పేరంటపల్లి, కొల్లూరు, పోచవరం రేవులు. ఆ తరువాత శబరి వచ్చి కలిసే కూనవరం. ఆ పైన భద్రాచలం. రోడ్లు లేని కాలంలో ఈ దారంతా పడవలదే, లాంచీలదే. టేకు దుంగలు, వెదుళ్ళు తెప్పలుగా కట్టి దిగువకు వదిలేవారు. భద్రాచలం దగ్గర వంతెన కట్టింది 1965లో. అంతకు ముందు రాముడి దర్శనానికి బూర్గంపాడు వైపునుంచి వచ్చిన యాత్రికుడు పడవ దిగి మెట్లెక్కవలసిందే. అతడికి భద్రాద్రి ముందు నీటిమీదుగానే కనిపించేది. ఇవాళ బస్సు కిటికీలోంచి చూసేవారికి ఆ దృశ్యం తెలియదు.

ఈ ఒడ్డుల మీదికి ఇంకొక పరాయిదేశస్థుడు కూడా వచ్చాడు. ఆయన చేతిలో కుంచె లేదు, కెమెరా ఉన్నది. ఆస్ట్రియా దేశస్థుడు, పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో హైదరాబాదు రాజ్యంలో ఉంటూ గిరిజనుల జీవితాన్ని చదివాడు. పాపికొండల కొండరెడ్ల మధ్య గడిపి, వారి పోడు, వెదురు ఇళ్ళు, పండుగలు, అప్పుల బాధలు అన్నిటినీ రాసి 1945లో ఒక పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇవాళ ఒక కొండరెడ్డి పిల్లవాడు తన ముత్తాతల ఊరు ఎట్లా ఉండేదో చూడాలంటే మళ్ళీ ఆ థేమ్సు ఒడ్డు నగరం వైపే చూడాలి. ఇదీ ఒక చిత్రమే!

ఆ ఊళ్ళు ఇప్పుడు ఎట్లా ఉన్నాయి? పెద్దలకు తెలిసిన సంగతే అయినా పిల్లల కోసం చెబుతాను. పోలవరం దగ్గర గోదావరికి అడ్డంగా పెద్ద ఆనకట్ట కడుతున్నారు. జలాశయం పూర్తిగా నిండితే నీరు సముద్రమట్టానికి 150 అడుగుల ఎత్తున నిలుస్తుంది. ఆ నీరు వెనక్కి పరుచుకునే చోటనే పాపికొండల ఒడ్డు పల్లెలు ఉన్నాయి. ముంపుకు వచ్చే మండలాలను 2014లో ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. నదిని మళ్ళించడానికి కాఫర్ డ్యాం అనే మట్టికట్ట ముందుగా కట్టారు. అది లేచిన తర్వాత వచ్చిన వరదల్లోనే దేవీపట్నం వైపు పల్లెలు మునిగాయి. గండి పోచమ్మ గుడి నీటిలో నిలబడింది. ఎందరో కోయవారు, కొండరెడ్లు ఒడ్డు వదిలి పునరావాస కాలనీలకు వెళ్ళారు.

ఆనకట్ట మంచిదా, చెడ్డదా అని నన్ను అడగకండి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయకపోతే కోనసీమ అన్నపురాశి అయ్యేది కాదు. అది నిజం. ఒక పల్లె మునిగితే ఆ ఊరి రేవు, రేవులో చింతచెట్టు, చెట్టుకింద పడవ కట్టే గుంజ, ఆ గుంజ దగ్గర జరిగిన మాటలు అన్నీ కలిసి మునుగుతాయి. అదీ నిజమే. పరిహారం లెక్కలో ఇంటికి, పొలానికి, చెట్టుకు వెల కడతారు. రేవు ఎట్లా కనిపించేదో దానికి వెల కట్టే పట్టిక లేదు.

ఊరు పోయి బొమ్మ మిగిలితే ఏమి ప్రయోజనం అనవచ్చు. పోలెండు దేశంలో జరిగినది వినండి. పోలెండు రాజధాని వార్సా. విస్తులా నది ఒడ్డున ఉన్నది. 1760లలో బెర్నార్దో బెలొత్తో అనే చిత్రకారుడు అక్కడికి వలస వచ్చాడు. ఆయన పుట్టింది ఇటలీలోని వెనిస్ నగరంలో. రాజుగారి కొలువులో చేరి, వార్సా వీధులనూ మేడలనూ ఒక్కొక్కటిగా చిత్రించాడు. 1770లో నదికి ఆవలి ఒడ్డున కూచుని నగరం మొత్తాన్ని నీటి మీదుగా గీశాడు. ఆ బొమ్మలో ఒక మూలన బొమ్మ వేస్తున్న తనను కూడా గీసుకున్నాడు! 1780లో వార్సాలోనే చనిపోయాడు. ఆయన బొమ్మలను తరువాతి కాలంలో గెలిచిన ప్రతి సేనా ఎత్తుకుపోయింది. నెపోలియన్ కాలంలో పోయి వచ్చాయి, రష్యావారు పట్టుకుపోతే మళ్ళీ వచ్చాయి, రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్లు పట్టుకుపోయారు. 1944లో ఆ జర్మన్ సేనలే వార్సాను ఇల్లిల్లూ వెతికి కూల్చాయి. పాత పట్టణం ఇటుకల గుట్ట అయింది.

యుద్ధం ముగిసింది. బొమ్మలు దొరికాయి, నగరం లేదు. అప్పుడు పోలెండు మేస్త్రీలూ ఇంజనీర్లూ పాత ఫొటోలను, కొలతల పటాలను, వాటితోపాటు రెండువందల ఏళ్ళ నాటి ఆ బొమ్మలను ముందు పెట్టుకుని పాత పట్టణాన్ని మళ్ళీ కట్టారు. కిటికీలు ఎన్ని, చూరు ఎంత ముందుకు వచ్చింది, ద్వారం మీద ఏ శిల్పం ఉన్నది అన్నీ బొమ్మలు చూసి కట్టారు. బెలొత్తో కొన్నిచోట్ల మేడలకు లేని సొగసు కాస్త అద్దాడట. కట్టేవారు ఆ సొగసు కూడా కట్టేశారని అంటారు. 1980లో ఆ కొత్త ‘పాత పట్టణం’ ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికకు ఎక్కింది. ఇరవైరెండు బొమ్మలు ఇవాళ వార్సా రాజకోటలో ఒకే గదిలో ఉన్నాయి.

మునిగిన గోదావరి రేవును అట్లా మళ్ళీ కట్టగలమా? కట్టలేము. ఇటుక మీద ఇటుక పెడితే మేడ లేస్తుంది గాని, నదీ కొండా కలిసి చేసిన ఒడ్డు లేవదు. కాబట్టి వార్సా కథ మనకు పూర్తిగా వర్తించదు. ఒక ఊళ్ళో బొమ్మకు ఎంత పని పడవచ్చునో తెలియడానికే చెప్పాను.

బెలొత్తో అంత ఖచ్చితంగా ఎట్లా గీశాడంటే, దానికొక కిటుకు ఉన్నది. చీకటి పెట్టె. పెట్టెకు ఒకవైపు చిన్న రంధ్రం పెట్టి, దానికి భూతద్దం వంటి అద్దం బిగిస్తారు. బయటి దృశ్యం లోపలి కాగితం మీద తలకిందులుగా పడుతుంది. దాని గీతల వెంట పెన్సిలు నడపడమే. మధ్యాహ్నం పూట తలుపులన్నీ మూసి పడుకుంటే, తలుపు బెజ్జంలోంచి వీధిలో పోయేవాడు గోడమీద తలకిందులుగా నడిచిపోవడం మీరు చూశారా? అదే ఇది. ఈ విద్యను ఆయన తన మేనమామ కనలెత్తో దగ్గర నేర్చాడు. కనలెత్తో వెనిస్ కాలవలను ఇదే తీరుగా గీశాడు. అక్కడ ఇళ్ళ గోడలు నీటిలోకే దిగి ఉంటాయి. నీరు తగిలినంత ఎత్తున గోడకు పచ్చని పాచి గీత పడుతుంది. కనలెత్తో ఆ పాచి గీతను కూడా వదలలేదు. ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ బొమ్మల్లోని పాచి గీతను ఇవాళ్టి గోడమీది పాచి గీతతో పోల్చి చూశారు. సుమారు మూడువందల ఏళ్ళలో వెనిస్‌లో నీరు 60 సెంటీమీటర్లకు పైగా లేచిందని తేలింది. వెనిస్‌లో సముద్రమట్టాన్ని క్రమంగా కొలిచే సాధనాలు అప్పటికి లేవు. చిత్రకారుడి కుంచె కొలబద్ద అయింది!

భద్రాచలంలో మనకు నిజమైన కొలబద్దే ఉన్నది. స్నానఘట్టం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 వచ్చింది. అంకెలు రిజిస్టరులో భద్రంగా ఉంటాయి. అయితే ఆ నీరు ఏ రంగులో వచ్చింది, ఏ మెట్టు మీద దీపం ఆరిపోయింది, ఏ చెట్టు కొమ్మకు గడ్డిపరకలు చిక్కుకుని వరద తీశాక కూడా వేలాడాయి అనేది అంకె చెప్పదు.

ఇక్కడ నా తరగతి గది అనుభవం ఒకటి చెప్పాలి. నది బొమ్మ గీయండి అంటే మన పిల్లలు ఏం గీస్తారో నాకు చూడకుండానే తెలుసు. రెండు ముక్కోణపు కొండలు, వాటి మధ్య నవ్వే సూర్యుడు, అక్కడినుంచి జారే నది, పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, నాలుగు పిట్టలు. అడవి పల్లెలోనూ ఇదే, ఖమ్మం పట్నంలోనూ ఇదే. బడి కిటికీ అవతల నిజమైన కొండలు వరుసగా నీలంగా నిలబడి ఉంటాయి. ఒక్కటీ ముక్కోణంగా ఉండదు. ఊళ్ళో ఉన్నవి తాడిచెట్లు; కాగితం మీద మాత్రం కొబ్బరిచెట్టు! ఒకనాడు పిల్లలను ఒడ్డుకు తీసుకుపోయి, కనిపించినదే గీయాలి, కనిపించనిది గీస్తే మార్కులు లేవన్నాను. అరగంట గొణిగారు. తరువాత ఒక పిల్ల వచ్చి, “సార్, అవతలి ఒడ్డున ఇసుక గీత మీద కొంగలు కదులుతున్నాయి. ఎక్కడున్నట్టు గీయాలి?” అని అడిగింది. ఆ పిల్ల అప్పుడే చిత్రకారిణి అయిపోయింది.

మీరు కూడా గీయండి. మీ ఊరి గోదావరి, కిన్నెరసాని, మున్నేరు, శబరి, చివరికి మీ చెరువు గట్టయినా సరే. గీయడం రాదనే సాకు నాకు చెప్పవద్దు. రంగులు లేకపోతే పెన్సిలు చాలు. పెద్దలకు కూడా ఒక మాట. పిల్లల బొమ్మలను ఏడాది చివర పాత కాగితాలవాడికి తూచి ఇవ్వకండి. ప్లాస్టిక్ అంటించవద్దు, ఎండ పడే గోడకు తగిలించవద్దు. శుభ్రమైన తెల్లకాగితాల మధ్య పెట్టి, చెమ్మ తగలని పెట్టెలో బల్లపరుపుగా ఉంచండి. చుట్ట చుడితే మడతల దగ్గర రంగు రాలుతుంది.

బొమ్మ అయిన వెంటనే వెనక్కి తిప్పి రాయవలసినవి ఉన్నాయి. మీ పేరు, తరగతి. ఊరు, రేవు పేరు. ఏ ఒడ్డున కూచుని ఏ దిక్కుకు చూస్తూ గీశారో; అది లేకపోతే వంద ఏళ్ళ తర్వాత చూసేవాడికి ఎదుటి కొండ ఏదో తెలియదు. తేదీ, వేళ, మోనే సూర్యుణ్ణి గుర్తు చేసుకోండి. నీరు ఆ రోజు ఏ మెట్టు దాకా ఉన్నదో, ఏ బండ మునిగి ఉన్నదో. భద్రాచలం పిల్లలైతే ఆనాటి నీటిమట్టం అడుగుల్లో రాయవచ్చు. ఇదంతా బొమ్మ వెనక ఒక అంచున, పెన్సిలుతో, ఎక్కువ నొక్కకుండా రాయండి. సిరాతో రాస్తే వానాకాలపు చెమ్మకు ఊరి, ఇవతల మీరు వేసిన నీటిలోకి దిగుతుంది.